మసక అని రాసి వదిలేయకు

కడప

చి. మాధవికి ఆశీస్సులు.

లావుపాటి మనుషుల లివర్‌కు సీటీ స్కాన్ తీయడం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పత్తికొండ పెద్దాయన స్కాన్ బల్లను చూసి "ఈ బల్ల నన్ను మోస్తాదామ్మా?" అని అడిగిన చోటు బాగుంది. ఆ తర్వాతి పేజీలో "లావుగా ఉన్నవాళ్లకు సీటీ మసగ్గా వస్తుంది, లివర్‌లో గడ్డ ఉందో లేదో నమ్మకంగా చెప్పలేం" అని రాశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే. ఆ పెద్దాయన గనక అది చదివితే స్కాన్‌కే రాడు.

మూడు వేర్వేరు లోపాలను నువ్వు ఒకే మూటగా కట్టేశావు. పేషెంటు ఊపిరి బిగబట్టలేక కదిలితే బొమ్మలో అంచులు చెరిగిపోతాయి. ఒంట్లోంచి బయటికొచ్చే ఎక్స్‌రే చాలకపోతే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. కొవ్వు లివర్‌లోనే చేరితే బొమ్మ శుభ్రంగా వచ్చినా గడ్డ దొరక్కపోవచ్చు. ఒక్కోదానికి కారణం వేరు, విరుగుడు వేరు. కారణం చెప్పకుండా లోపం గురించి రాస్తే, తప్పంతా పేషెంటు ఒంటిదే అన్నట్టు అవుతుంది. నా పట్టుదలంతా ఈ ఒక్క విషయం మీదే.

గరుకు సంగతి చూడు. ఎక్స్‌రే ట్యూబుకిచ్చే వోల్టేజి 120 కేవీ (కిలోవోల్టులు) దగ్గర దాదాపు 4 సెం.మీ. కండరం దాటేసరికి ఎక్స్‌రే సగమైపోతుంది. నడుము 12 సెం.మీ. వెడల్పు ఎక్కువుంటే అవతలికి చేరేది ఎనిమిదో వంతు. గరుకు దాదాపు మూడింతలు. సన్నటి మనిషికి 80, 100 కేవీ పెడితే, స్కాన్ కోసం సిరలోకి ఎక్కించే మందులోని అయోడిన్ బాగా మెరుస్తుంది. భారీ మనిషికి అదే పెడితే కిరణాలు అవతలికే రావు, 120 లేదా 140కి పోవాల్సిందే. అప్పుడు మెరుపు కొంత తగ్గుతుంది. అది తప్పని బేరం. ట్యూబు తన గరిష్ఠ కరెంటుకు చేరాక గ్యాంట్రీ, అంటే ట్యూబు తిరిగే చక్రం, ఒక్క చుట్టు తిరిగే సమయం పెంచాలి, పిచ్ (ఒక్కో చుట్టుకు బల్ల జరిగే దూరం) తగ్గించాలి, స్లైసు 3 నుంచి 5 మి.మీ. మందంగా చూడాలి, ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (కంప్యూటరు మళ్లీ మళ్లీ లెక్కకట్టి గరుకు తగ్గించే పద్ధతి) ఉంటే వాడాలి. పెద్ద పొట్ట ఉన్నవాళ్లను గ్యాంట్రీ మధ్యకు సరిగ్గా తేవడం కూడా మరవకూడదు. కిందికో పైకో జరిగితే ఒంటి ఆకారాన్ని బట్టి కిరణాలను సర్దే బోటై ఫిల్టర్ లెక్క తప్పి గరుకు ఇంకా పెరుగుతుంది.

నువ్వు అసలు ముట్టుకోనిది కాన్యులా, అంటే మందు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నటి గొట్టం. లివర్‌కు వచ్చే రక్తంలో సుమారు ముప్పావు వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిరదే. హెపాటోసెల్యులార్ కార్సినోమా (లివర్‌లోనే పుట్టే క్యాన్సర్) మాత్రం ముఖ్యంగా ధమని రక్తం మీదే బతుకుతుంది. అందుకే మందు ఎక్కించిన 35 సెకన్ల ప్రాంతంలో గడ్డ మెరుస్తుంది, లివర్ ఇంకా మెరవదు. 70 సెకన్లకు లివర్ మెరుస్తుంది. 3 నుంచి 5 నిమిషాలకు గడ్డ, చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. ఈ మూడు సమయాల్లో తీసే బొమ్మలనే ఫేజ్‌లంటారు. మొదటి ఫేజ్ నిలబడాలంటే మందు సెకనుకు 4 మి.లీ. చొప్పున పోవాలి. దానికి మోచేతి దగ్గర 18 లేదా 20 గేజి కాన్యులా కావాలి (గేజి అంకె పెరిగితే గొట్టం సన్నం). లావుపాటి చేతిలో సిర చిక్కక, అరచేతి వెనక 22 గేజి గుచ్చి, వేగం 2కు తగ్గించి కానిచ్చేస్తారు. మెరుపు రాదు, గడ్డ తప్పిపోతుంది, రిపోర్టులో మాత్రం "పేషెంటు స్థూలకాయం వల్ల" అని రాస్తారు! అక్కడ కొవ్వు చేసిన తప్పేముంది?

మందు మోతాదూ అంతే. కిలోకు 550 మి.గ్రా. అయోడిన్ లెక్కన 350 బలం మందు (మిల్లీలీటరుకు 350 మి.గ్రా. అయోడిన్) 60 కిలోల మనిషికి 94 మి.లీ. అందరికీ 80 మి.లీ. కొట్టే అలవాటున్న చోట 110 కిలోల మనిషికి ఈ లెక్కలో సగం కూడా అందదు. అలాగని మొత్తం బరువును బట్టి 173 మి.లీ. ఇవ్వడమూ సరికాదు, కొవ్వులోకి వెళ్లే రక్తం తక్కువ. కొవ్వు తీసేసిన బరువు మీద లెక్క కట్టాలి. సమయం గడియారం చూసి కాదు, అయోర్టాలో (గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిలో) మందు చేరడాన్ని మిషన్‌తోనే కనిపెట్టించి మొదలుపెట్టాలి.

అంకెలు చూస్తే పాఠకుడు పారిపోతాడనే సంపాదకులు చాలామంది తగిలారు నాకు. సెకన్లు, మిల్లీలీటర్లు కొట్టేసి "అత్యాధునిక పరిజ్ఞానంతో" అని ఒక ముక్క అతికించి అచ్చేస్తారు. ఎకరాకు ఎన్ని బస్తాల ఎరువు, నూటికి ఎంత వడ్డీ అని నోటితో లెక్కకట్టే మనవాళ్లకు అంకెలంటే భయమా? వాళ్లు కొట్టేస్తే కొట్టేయనీ, నువ్వు మాత్రం రాయి.

ఇక లివర్ కొవ్వు. మామూలు లివర్ మందు లేకుండా 55 నుంచి 65 హౌన్స్‌ఫీల్డ్ ఉంటుంది; అది సీటీ బొమ్మలో తెలుపు నలుపుల కొలత, అంకె తగ్గేకొద్దీ నలుపు. 40 కంటే దిగితే కొవ్వు బాగా చేరినట్టు. అంత నల్లటి లివర్‌లో నల్లటి మెటాస్టాసిస్ (వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్ గడ్డ) కలిసిపోతుంది. చివరి ఫేజ్‌లో గడ్డ నల్లబడడం కూడా తేలదు, చుట్టూ ఉన్నదీ నలుపే కదా. గాల్‌బ్లాడర్ పక్కన కొవ్వు చేరని ముక్క గడ్డలా భ్రమ పుట్టిస్తుంది. రక్తనాళాలు దాంట్లోంచి వంకర పోకుండా సాగిపోతే గడ్డ కాకపోవచ్చు. అనుమానం తీరకపోతే ఎంఆర్‌ఐ. ఇలాంటి లివర్ సన్నటి మనిషికీ ఉండొచ్చు, నీ వ్యాసం ఆ మాటే ఎత్తలేదు. ఇంకోటి, సిరోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) గానీ దీర్ఘకాలిక హెపటైటిస్ బి గానీ, ఇప్పుడో ఇదివరకో హెపాటోసెల్యులార్ కార్సినోమా గానీ లేనివాళ్ల గడ్డకు లై-రాడ్స్ వర్తించదు; అది లివర్ గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశాన్ని బట్టి తరగతులు కట్టే పద్ధతి. నీ నాలుగో పేజీలో దాన్ని అందరికీ పెట్టేశావు, తీసెయ్.

పెద్దాయన ప్రశ్నకు నువ్వు జవాబు ఇవ్వలేదు. చాలా సీటీ బల్లలు 200 కిలోల దాకా మోస్తాయి. ఇబ్బంది మనిషి దూరాల్సిన మిషన్ రంధ్రంతో వస్తుంది: మామూలుగా 70 సెం.మీ., బొమ్మ పట్టేది 50 సెం.మీ. మాత్రమే. చేతులు తలపైకి ఎత్తి పడుకోవాలని, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) రిపోర్టు తేవాలని, మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) వేసుకుంటుంటే ముందే చెప్పాలని, పాత స్కాన్ ఫిల్ముతో పాటు సీడీ కూడా తేవాలని ఆయనకు అర్థమయ్యేలా రాయి.

రెండో బొమ్మ కింద అది ఏ ఫేజ్‌దో లేదు. అది రాసి, కాన్యులా పేరా కలిపి మళ్లీ పంపు. నువ్వడిగిన కలంపేరు సంగతి తర్వాత చూద్దాం.