అరగట్లేదంటే సరిపోదు, ఎక్కడ ఆగుతోందో చూడు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. తిన్నది తిన్నట్టే ఉంటోందని, సాయంత్రమయ్యేసరికి పొట్ట బిర్రుగా ఉబ్బిపోతోందని, ఎంజైమ్ గోళీలు మంచివా ప్రోబయోటిక్ మంచిదా చెప్పమని అడిగావు. ప్రస్తుతానికి రెండూ వద్దు. కడుపు జబ్బుల ఓపీలో నర్సుగా ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, ఈ బాధతో వచ్చేవాళ్లు మందు మీద మందు మార్చుకుంటూ పోవడమే గానీ అసలు ఏ భాగం నెమ్మదించిందో తెలుసుకున్నవాళ్లని తక్కువే చూశాను. నోటి నుంచి కిందిదాకా ఒకటే గొట్టమే, కాదనను, కానీ పైన ఆగితే ఒక వైద్యం, కింద ఆగితే ఇంకో వైద్యం. పీచు సంగతే తీసుకో. పెద్దపేగు మందగించి మోషన్ గట్టిపడిన చాలామందికి పీచు బాగా పనిచేస్తుంది, అదే జీర్ణాశయం ఖాళీ అవడమే ఆలస్యమయ్యే మనిషి పీచు పెంచాడంటే వికారం, ఉబ్బరం రెట్టింపవుతాయి. మధ్యమధ్యలో కొంచెం కొంచెం తినమనే సలహా కూడా అంతే. జీర్ణాశయం బద్ధకించిన వాళ్లకి అది అవసరం. మిగతావాళ్లు గంటగంటకీ ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే, ఖాళీ కడుపులో గంటన్నర రెండు గంటలకోసారి పేగుల్ని ఊడ్చిపెట్టే అల ఒకటుంటుంది, అది మొదలవకుండానే ఆగిపోతుంది.

మామూలుగా గట్టి ఆహారం నాలుగు గంటల్లో దాదాపు అంతా జీర్ణాశయం దాటిపోతుంది, చిన్నపేగులో ఇంకో రెండు నుంచి ఆరు గంటలు. ఆ తర్వాత పెద్దపేగులో ఒక రోజు, రోజున్నర, కొందరికి రెండు రోజుల పైనే. అంటే ఆలస్యానికి ఎక్కువ చోటున్నది కిందే, మనం మాత్రం చెయ్యి పైపొట్ట మీద పెట్టి చూపిస్తాం.

కాబట్టి ముందు రెండు వారాలు రాసుకో. యాప్ అక్కర్లేదు, ఫోన్‌లో నోట్ చాలు. ఇదిగో ఇలా: ‘మధ్యాహ్నం 1:40 భోజనం, సగం తినేసరికే చాలనిపించింది. 3:00 త్రేన్పులు. 6:30 పొట్ట బిగుతు, నడుము దగ్గర బట్టలు వదులు చేసుకున్నా. రాత్రి 9:00 మధ్యాహ్నం తిన్నది గొంతులోకి వచ్చింది. మోషన్ లేదు, ఇవాళ్టికి రెండో రోజు.’ సగానికే నిండిపోవడం, ఏడు గంటల తర్వాత కూడా తిన్నది పైకి రావడం జీర్ణాశయం వైపు చూపిస్తాయి, రెండ్రోజులు మోషన్ లేకపోవడం పెద్దపేగు వైపు. రెండూ ఉంటే ముందు కిందది సరిచేసి చూడటమే మేలు, ఎందుకంటే పెద్దపేగు నిండి కూర్చుంటే దాని ఒత్తిడికి పైన జీర్ణాశయం కూడా నెమ్మదిస్తుంది. డాక్టరు దగ్గరికెళ్లి ‘గ్యాస్ ట్రబులండీ’ అన్నావనుకో, గ్యాస్ గోళీ రాసి పంపుతారు. ఈ ఐదు ముక్కలూ చూపించావంటే వాళ్లు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

మోషన్ ఎన్నిసార్లన్నది పెద్ద లెక్క కాదు, రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. ఎలా ఉందన్నది ముఖ్యం. బ్రిస్టల్ చార్ట్ అని, మలం ఎలా ఉందో చూపించే ఏడు బొమ్మలతో ఉంటుంది, నెట్‌లో దొరుకుతుంది, రోజూ ఆ నంబరు వేసుకో. 1, 2 అంటే మలం చాలాసేపు లోపల నిలిచి ఎండిపోయిందని. సిగ్గుపడకు, నర్సులకి ఇది కాఫీ తాగుతూ మాట్లాడుకునే విషయం.

ఇక మందులు. నన్నడిగితే వెతుకులాట ఇక్కడే మొదలవ్వాలి. నువ్వు మింగేవన్నీ, విటమిన్‌తో సహా, టేబుల్ మీద వరసగా పెట్టి ప్రతిదానికీ ఎప్పుడు మొదలుపెట్టావో రాయి, పక్కనే ఈ బాధ ఎప్పుడు మొదలైందో రాయి. ఐరన్, కాల్షియం గోళీలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, జలుబుకీ దురదకీ వేసుకునే నిద్రొచ్చే రకం అలర్జీ గోళీలు, నొప్పులకి ట్రమడాల్, దగ్గు మందులో కోడీన్, మైగ్రేన్‌కో నిద్రకో రాసే అమిట్రిప్టిలిన్, బీపీకి వెరాపమిల్, వాంతులు ఆగడానికిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, ఇవన్నీ పేగుల్ని బిగబట్టేవే. బరువు తగ్గడానికి వేసుకుంటున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆకలి తగ్గడంలో దానికీ కొంత పాత్ర ఉంది. అది వేసుకుంటూ అరగట్లేదని ఎండోస్కోపీ దాకా వెళ్లేవాళ్లుంటారు, ఎందుకంటే ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ అంటే ఇంజెక్షన్ లెక్కలోకి రాదనుకుని లేదంటారు! అలాగని నీ అంతట నువ్వు ఏదీ ఆపెయ్యకు. లిస్టు పట్టుకెళ్లి, దీనికి బదులు ఇంకోటి ఉందా అని అడుగు.

రక్తపరీక్షల్లో మొదటిది థైరాయిడ్, అంటే టీఎస్‌హెచ్. థైరాయిడ్ తగ్గితే గుండె వేగం దగ్గర్నుంచి పేగుల దాకా అన్నీ మందగిస్తాయి. నువ్వు జుట్టుకోసం బయోటిన్ వేసుకుంటున్నావని గుర్తు, అది ఎక్కువ మోతాదులో ఉంటే టీఎస్‌హెచ్ లెక్క తప్పుగా చూపించవచ్చు, పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపు. దాంతోపాటు హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు, ఎందుకంటే ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో జీర్ణాశయాన్ని కదిలించే నరం దెబ్బతినవచ్చు, షుగర్ బాగా పెరిగి ఉన్నప్పుడు నరం బాగున్నా కూడా పొట్ట నెమ్మదిస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా అంతే. రక్తహీనత ఉందో లేదో సీబీసీ చెప్తుంది. సీలియాక్‌కి, అంటే గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బుకి, టీటీజీ అనే పరీక్ష ఉంది, దానికి వెళ్లేముందు గోధుమ మానెయ్యకు, మానేసి వెళ్తే జబ్బున్నా నార్మల్ అని రావచ్చు.

హెచ్. పైలోరీ బాక్టీరియా కూడా చూడాలి. వారెన్, మార్షల్ అని ఆస్ట్రేలియా డాక్టర్లు చాలా అల్సర్లకి మూలం అదేనని తేల్చారు, మార్షల్ అయితే 1984లో ఆ బాక్టీరియాని తనే తాగేసి గ్యాస్ట్రైటిస్, అంటే జీర్ణాశయం లోపలి పొర వాపు, తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. శ్వాస పరీక్షతోగానీ మలపరీక్షతోగానీ తెలుస్తుంది, కాకపోతే పాంటాప్రజోల్ లాంటి యాసిడ్ గోళీలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు ఆగి ఉండాలి. ఈ మాట చాలాచోట్ల చెప్పరు, నువ్వే అడుగు.

వీటిలో ఏదైనా ఉంటే మాత్రం డైరీ, గీరీ అని కూర్చోకు, వెంటనే వెళ్లు: కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, మలంలో రక్తం, తారులా నల్లగా జిగటగా మలం రావడం (ఐరన్ గోళీలకీ నల్లబడుతుంది, కానీ జిగట, ఆ దుర్వాసన ఉండవు), కళ్లు పచ్చబడటం, వయసు 60 దాటాక ఇదంతా కొత్తగా మొదలవడం. నడిచినప్పుడు ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది అజీర్తి అనుకోకు, గుండె అయ్యుండొచ్చు. మీ అమ్మకి కూడా చెప్పు, యాభై దాటిన ఆడవాళ్లకి కొత్తగా ఉబ్బరం మొదలై వారాల తరబడి వదలకపోతే, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంటే, అండాశయాలకి స్కాన్ చేయించాలి.

ఇవన్నీ తేలాక కూడా బాధ ఉందనుకో, అప్పుడే కదలికను కొలిచే పరీక్షలు. పైభాగానికైతే రేడియో పదార్థం కలిపిన ఆహారం తినిపించి నాలుగు గంటల పాటు స్కాన్లు తీస్తారు, నాలుగో గంటకి పది శాతానికి మించి మిగిలితే ఆలస్యమైనట్టు లెక్క. రెండు గంటలకే ముగించే చోట వద్దు, కొన్ని కేసులు తప్పిపోతాయి. పెద్దపేగుకైతే చిన్న రింగులున్న క్యాప్సూల్ మింగిస్తారు, ఐదో రోజు ఎక్స్‌రేలో ఐదో వంతుకు మించి కనిపిస్తే నెమ్మది. ఆ రింగులన్నీ కింద ద్వారం దగ్గరే పోగుపడి ఉంటే కథ వేరు.

ఆ కథ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. మనం ముక్కినప్పుడు మలద్వారం చుట్టూ ఉన్న కండరం వదులవ్వాలి. కొందరికి అదే సమయంలో బిగుసుకుంటుంది, లోపల్నుంచి తోస్తూ బయట తలుపు మూసినట్టు. పేగు బాగానే పనిచేస్తుంటుంది, అయినా ఎన్ని విరేచనాల మందులు వేసినా తృప్తి ఉండదు, గంటసేపు కూర్చున్నా ఇంకా లోపలే ఉన్నట్టుంటుంది, మలం మెత్తగా ఉన్నా కష్టమే. నీకు ఇలా ఉంటే మొహమాటపడకుండా చెప్పు. ఆ కండరం ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ, చిన్న బెలూన్‌ని బయటకి తోయగలవో లేదో చూసే బెలూన్ పరీక్ష అని ఉంటాయి, పెద్ద నొప్పి ఉండదు. వైద్యం మందులు కాదు, బయోఫీడ్‌బ్యాక్, అంటే ఆ కండరాన్ని ఎప్పుడు వదలాలో స్క్రీన్ మీద చూస్తూ మళ్లీ నేర్చుకోవడం. దానికి ఫలితం బాగుంటుంది. ఈలోగా పాదాల కింద చిన్న పీట పెట్టుకుని కూర్చో, పొద్దున్న తిన్నాక పేగు దానంతటదే కదులుతుంది, ఆ వేళ వచ్చిన పిలుపుని మీటింగ్ ఉందని వాయిదా వెయ్యకు.

నెట్‌లో అమ్మే ఫుడ్ సెన్సిటివిటీ ఐజీజీ టెస్టులు, మలంలో బాక్టీరియా లెక్కపెట్టే కిట్లు, వంటసోడా తాగి త్రేన్పు వచ్చేదాకా గడియారం చూసే యాసిడ్ పరీక్ష, వీటి జోలికి పోకు. వీటితో కారణం తేలదు, నువ్వు తినే పదార్థాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయంతే.

అన్నీ నార్మల్ వస్తే ‘అంతా టెన్షనే’ అంటారు, నీకు కోపం వస్తుంది. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే అతనికి తుపాకీ దెబ్బ తగిలి పొట్టలో రంధ్రం మానకుండా ఉండిపోతే, బోమాంట్ అనే డాక్టరు అందులోంచి ఏళ్లపాటు అరుగుదల చూస్తూ కూర్చున్నాడు, ఆ మనిషికి కోపమొస్తే అరుగుదల చెడటం కూడా రాసుకున్నాడు. కాబట్టి టెన్షన్ మాట అబద్ధం కాదు, కానీ అది ఆఖర్న రావాలి, మొదటి ఐదు నిమిషాల్లో కాదు. రిపోర్టులు నార్మల్‌గా ఉండి బాధ నిజంగా ఉండే దానికి ఫంక్షనల్ డిస్పెప్సియా అని పేరుంది, వైద్యమూ ఉంది. ‘నార్మల్ కదా, వెళ్లిపోండి’ అంటే ఒప్పుకోకు, ఇక ఏం చెయ్యాలో అడుగు.

టీఎస్‌హెచ్, సీబీసీ, షుగర్ మూడూ ఈ వారమే ఇచ్చేసెయ్, బయోటిన్ ఇవాళే ఆపు. డైరీకి రెండు వారాలు నిండాక అపాయింట్‌మెంట్ తీసుకుందువుగాని. దాన్నీ గోళీల లిస్టునీ వెళ్లేముందు నాకు ఫోటో తీసి పంపు, ఏం అడగాలో రాసిస్తాను.

మీ పెద్దమ్మ