అడగండి, చెప్తా: పన్నెండా, పదమూడా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి మనీలాలో మెడిసిన్ చదువుతున్నాడు. జనవరి 22న మెండియోలా అనే వీధిలో రైతులు ఎర్రజెండాలతో ఊరేగింపు తీస్తే ట్రాఫిక్ ఆగిపోయిందట. ఎప్పుడో కాల్పుల్లో పోయిన రైతుల కోసమట. నాకైతే టెన్షన్ పట్టుకుంది. ఎవరా రైతులు? మన ఇంద్రవెల్లి లాంటిదేనా? – ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, అది ఏటా అదే తేదీన జరిగేదే. ఆ పూట వేరే దారిన రమ్మని చెప్పండి. ఇక మీ పోలిక మాత్రం మీరు అనుకున్నదానికంటే దగ్గరగా ఉంది.

1986 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో జనం రోడ్ల మీదికొచ్చి నియంత మార్కోస్‌ను దించారు, కొరజోన్ అకినోను గద్దెనెక్కించారు. భూమి పంచుతానని ఆమె ఎన్నికల్లో మాటిచ్చింది. మార్కోస్ 1972లో తెచ్చిన భూసంస్కరణ వరి, మొక్కజొన్న పొలాలకే పరిమితం. చెరకు, కొబ్బరి తోటల జోలికి పోలేదు. అకినో పుట్టింటివాళ్లకే తార్లాక్‌లో హసియెండా లూసిటా అనే చెరకు ఎస్టేటుంది. మన లెక్కన పదిహేను వేల ఎకరాల పైమాటే. దొరసాని గడీ ముందు నిలబడి భూమి అడగడమంటే ఎట్లుంటదో మన దగ్గర పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు.

రైతులు ఏడాది దాకా చూశారు. 1987 జనవరి 15న వచ్చి భూసంస్కరణల మంత్రిత్వ శాఖ ఆఫీసు ముందు మకాం వేశారు. దున్నేవాడికి భూమి ఊరికే ఇవ్వాలి, భూస్వామి కొంత అట్టిపెట్టుకునే వెసులుబాటు తీసెయ్యాలి, భూమికి కట్టే కిస్తీలు ఆపాలి: అడిగినవి ఇవి. వారం గడిచినా మాటలు తెగలేదు. 22న రైతు సంఘం నేత హైమే తాదియో నాయకత్వంలో వేలమంది అధ్యక్ష భవనం వైపు నడిచారు. మెండియోలాలో పోలీసులు, సైనికులు అడ్డం నిలబడ్డారు. తోపులాట, ఆ వెంటనే కాల్పులు. కోర్టు రికార్డులో చనిపోయినవాళ్లు 12 మంది. రైతు సంఘం 13 అంటుంది.

ఈ ఒక్కరి తేడా నన్ను వదలదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపితే, సర్కారు లెక్కలో పోయినవాళ్లు 13. హక్కుల సంఘాలు అరవై దాకా చెప్పాయి. ఎవరు లెక్కపెట్టారన్నదాన్ని బట్టి శవాలు పెరుగుతాయి, తగ్గుతాయి. అందుకే కాబోలు, ఏటా ఆ వీధికే మళ్లీ వచ్చి తమ లెక్క తామే చెప్పుకుంటారు.

హోసే డియోక్నో అనే పెద్ద లాయరు అప్పుడు ప్రభుత్వ మానవ హక్కుల కమిటీకి అధ్యక్షుడు. క్యాన్సర్‌తో మంచాన ఉన్న మనిషి. కాల్పులకు నిరసనగా రాజీనామా చేశాడు, మరుసటి నెలలోనే పోయాడు. బాధితులు నష్టపరిహారానికి కేసు వేస్తే, ప్రభుత్వం ఒప్పుకోకుండా ప్రభుత్వం మీద దావా చెల్లదని 1993లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

భూసంస్కరణ చట్టం మాత్రం 1988లో వచ్చింది. అందులో ఒక కంత ఉంది: భూమికి బదులు కంపెనీ షేర్లు ఇచ్చినా పంచినట్టే! లూసిటాలో అదే చేశారు. (మన దగ్గర సీలింగ్ చట్టం వచ్చినప్పుడు బినామీ పేర్ల మీదికి పోయిన పట్టాలు గుర్తొస్తున్నాయా?) అక్కడి కూలీలు షేర్ల కాగితాలు చేతిలో పెట్టుకుని అదే చెరకు తోటలో కూలికి పోయారు. 2004 నవంబరు 16న అక్కడ సమ్మె చేస్తుంటే మళ్లీ కాల్పులు, ఏడుగురు పోయారు. ఆ భూమి కూలీలకు పంచాల్సిందేనని సుప్రీంకోర్టు చివరి మాట చెప్పేసరికి 2012.

ప్రశ్న: ఇట్లాంటి వర్ధంతులతో పోయినవాళ్లు తిరిగొస్తారా మాస్టారూ? – ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: రారు. జనగామలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక జులై 4న పిల్లల్ని కడవెండి తీసుకుపోయాను. 1946లో అదే తేదీన సంఘం ఊరేగింపు మీద గడీ మనుషులు తుపాకులు పేలిస్తే దొడ్డి కొమురయ్య పడిపోయిన ఊరది. మేం పోయేసరికి నాయకులింకా రాలేదు. స్థూపం దగ్గర ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గద్దె కడుగుతోంది. పావురాల రెట్ట ఎండి అంటుకుపోయింది, గోటితో గీకుతోంది. చుట్టమా అవ్వా అని అడిగాను. ‘‘ఏం చుట్టం బిడ్డా, మా నాయిన గూడ ఆ దినం ఊరేగింపుల ఉండె’’ అంది. కొంగుతో గద్దె తుడిచి, మా పిల్లల చెప్పులు చూసి ‘‘ఇడిసి ఎక్కుండ్రి’’ అని గదిరింది.

ప్రశ్న: కడవెండి చూడాలని ఉంది. ఎట్లా పోవాలి? – డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: రైల్లో జనగామ దిగు. సూర్యాపేట రోడ్డు బస్సెక్కి దేవరుప్పులలో దిగి ఎవర్నడిగినా దారి చెప్తారు. జులైలో పోతే గొడుగు పట్టుకుపో.