అత్తయ్య మాటా, డాక్టర్ మాటా

ఐదో నెల వచ్చింది, ఇక్కడి డాక్టరేమో ఎక్సర్‌సైజ్ చెయ్యమంటోంది, ఊళ్లో అత్తయ్యేమో మెట్లు కూడా ఎక్కొద్దంటోంది, ఎవరి మాట వినాలక్కా అని అడిగావు కదా. డాక్టర్ మాటే విను. అత్తయ్యకి మాత్రం ఫోన్లో 'సరే అత్తయ్యా' అను, నేనూ అదే చేశాను.

మిషిగన్‌లో నా కాన్పప్పుడు నవంబరంతా గడప దాటలేదు. బయట మంచు, డిపెండెంట్ వీసా, కారు నడపడం రాదు, పైగా ఇద్దరికి తినాలంటూ రెండు పూటలా కంచం నిండా అన్నం. ఇక్కడ 24, 28 వారాల మధ్య చేసే షుగర్ టెస్టులో దొరికిపోయాను, మనవాళ్లకి ఆ ముప్పు ఎలాగూ ఎక్కువే. తిన్నాక ప్రతిసారీ పదిహేను నిమిషాలు నడవమంది డైటీషియన్. పొద్దున్నే షాపులు తెరవకముందు మాల్లో ముసలివాళ్లు నడుస్తుంటారు, వాళ్ల వెనకాలే నేనూ. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద మాత్రం వద్దు, కడుపు పెరిగేకొద్దీ కాలు జారడం తేలిక.

ఇబ్బందులేమీ లేకపోతే వారానికి 150 నిమిషాలు ఇక్కడి లెక్క, అంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలిగితే చాలు, ఆయాసంతో మాట రాకపోతే తగ్గించు. వెల్లకిలా పడుకుని చేసేవీ, హాట్ యోగా, హాట్ టబ్ వద్దు. కుర్చీ పట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం మంచిదే, మన అమ్మమ్మలు ఇల్లలుకుతూ చేసింది అదే. అందరూ వదిలేసేది కెగెల్: మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగబట్టి వదలడం. నిజంగా మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం చెయ్యకు.

ఇవన్నీ చేస్తే నార్మల్ డెలివరీ ఖాయం అనుకోకు. అంత నడిచినా చివర్లో పాప గుండె వేగం తగ్గి నాకు సిజేరియనే అయింది, రెండు రోజులు ఏడ్చాను కూడా. కానీ షుగర్ ఇన్సులిన్ దాకా పోలేదు, మర్నాడు నర్సు లేచి నడవమంటే నడవగలిగాను.

వచ్చే విజిట్‌లో మాయ (ప్లాసెంటా) కిందికి ఉందా, గర్భాశయ ముఖద్వారం సరిగా ఉందా అని అడుగు, అవి తేడాగా ఉంటే వ్యాయామం సంగతి వాళ్లే తేల్చాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కళ్లు తిరిగినా, పిక్క వాచి నొప్పెట్టినా అక్కడితో ఆపేసి వెంటనే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఇంగ్లీషు అని టెన్షన్ పడకు, 'తెలుగు ఇంటర్‌ప్రెటర్' అని అడుగు, ఇక్కడి ఆసుపత్రుల్లో దానికి డబ్బు తీసుకోరు.