మూసిన గుప్పిట

చిరంజీవికి,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన పదకొండు పేజీల హారర్ ట్రైలర్ షూటింగ్ ప్లానూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి చేతిలో పెన్సిల్ పెట్టుకుని. "బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పండి చాలు" అన్నావు. ఒక్క ముక్కలో చెప్పడం చేతనైతే ఇన్నేళ్లుగా స్క్రిప్టులు రాస్తూ ఎందుకు కూచుంటాను?

ముందు లెక్క చూద్దాం. 90 సెకన్ల ట్రైలర్‌కి 92 షాట్లు రాశావు. అన్నీ ఒక్క రాత్రిలో, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా తీసేస్తామన్నావు. అంటే 720 నిమిషాలు. భోజనానికీ, సామాను సర్దుకోడానికీ ఒక గంట తీసెయ్. మిగిలిన 660ని 92తో భాగిస్తే షాట్‌కి ఏడు నిమిషాలు. అందులోనే లైటు జరపాలి, కెమెరా మార్చాలి, రిహార్సల్ చూసుకోవాలి, రెండు మూడు టేకులు తీయాలి. చీకటి సీన్‌లో ఒక్క లైటు జరిపి ఫ్రేమ్ మళ్లీ సరిచూసుకోడానికే ఇరవై నిమిషాలు ఇట్టే పోతాయి. తెల్లారేసరికి నీ చేతిలో ముప్పై షాట్లుంటాయి. అవి కూడా కథ వరసలో మొదటి ముప్పై. దయ్యం వచ్చేలోపు సూర్యుడు వచ్చేస్తాడు.

ఇక ఆ దయ్యం సంగతి. నీ ప్లాన్‌లో అది ఎనిమిది చోట్ల కనబడింది. అద్దంలో ఉంది, మంచం కింద ఉంది, మెట్ల మీద ఉంది, చివరికి టీవీలో కూడా ఉంది. ప్రతిచోటా తెల్లబట్టలు, విరబోసుకున్న జుట్టు. ఎనిమిదిసార్లు కనబడ్డాక అది దయ్యమేమిటి, పక్కింటి మనిషి.

కానీ ఏడో పేజీలో ఓ మూల "ఇన్సర్ట్: గుమ్మం బయట ఐదు జతల చెప్పులు" అని ఒక వాక్యం రాసి వదిలేశావు. ఇంట్లోకి వెళ్లింది నలుగురు. అక్కడ నేను పెన్సిల్ కింద పెట్టేశాను. మేకప్ లేదు, గ్రాఫిక్స్ లేవు, నటన కూడా లేదు. ఎవరినో అడిగి తెచ్చుకున్న ఒక జత చెప్పులు, అంతే. నీకు దొరికిన మంచి షాట్‌ని నువ్వే గుర్తుపట్టలేదు. కొత్తలో అందరికీ అంతే. చెమటోడ్చి రాసిందే గొప్పగా అనిపిస్తుంది, అలవోకగా వచ్చింది కంటికి ఆనదు.

"ట్రైలర్ మాత్రమే కదా, సినిమా తీయడం లేదు కదా, పూర్తి కథ ఎందుకు?" అని అడిగావు. అందుకే నీ దయ్యం అలా ఇల్లంతా తిరుగుతోంది. దానికి ఏం కావాలో నీకే తెలియదు. ఒక్క పేజీ కథ రాయి, ముగింపుతో సహా. అందులో ముఖ్యంగా ఒక నియమం ఉండాలి. నీ చెప్పుల షాట్‌లోనే అది దాక్కుని ఉంది: ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే ఒకరు ఎక్కువ తేలతారు. నియమం దొరికాక షాట్లు వాటంతటవే వస్తాయి. చీకట్లో నాలుగు పేర్లు పిలిస్తే ఐదు "ఊఁ"లు వినిపిస్తాయి. నలుగురూ ఫ్రేమ్‌లో ఉన్న ఫోటో ఒకటి ఫోన్‌లో కనబడుతుంది. మరి ఆ ఫోటో తీసిందెవరు? ఇలాంటివి పది రాసుకో. తర్వాత ఆ కథ పేజీ ముందు పెట్టుకుని, ట్రైలర్‌లో చెప్పకూడని వాక్యాలన్నిటి కింద ఎర్రగీత గియ్యి. షాట్ డివిజన్ (కథని షాట్లుగా విడగొట్టిన జాబితా) కంటే ముందు తయారు కావలసిన జాబితా అది. గుప్పిట మూసి ఉన్నంతసేపే జనం దానివంక చూస్తారు.

తాడుని చూసి పామనుకోవడం గురించి మన పెద్దలు వేదాంతం కోసం చెప్పారు. హారర్ తీసేవాడికి మాత్రం అది పనికొచ్చే చిట్కా. వెలుతురు చాలకూడదు. తాడు పాములా పడి ఉండాలి. చూసేవాడి మనసులో పాము ముందే ఉండాలి. ఈ మూడూ కుదిరితే పాముని తేనక్కర్లేదు. నువ్వు చేయబోయే ప్లానింగంతా ఈ మూడింటినీ కుదర్చడమే. నీ పదకొండు పేజీలూ పాముని ఎక్కణ్నుంచి తేవాలన్న హైరానాతో నిండిపోయాయి.

1960లో 'సైకో' అనే హారర్ సినిమా ట్రైలర్ ఎలా తీశారో చూడు. దాని డైరెక్టర్ ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తనే సెట్ అంతా తిరుగుతూ, ఇల్లు చూపించే గైడులాగా, ఫలానా చోట ఏం జరిగిందో చెప్పబోయి ఆగిపోతుంటాడు. ఆరు నిమిషాలు దాటిన ఆ ట్రైలర్‌లో సినిమాలోని సీన్లు దాదాపు లేవు. చివర్లో స్నానాలగది తెర లాగగానే కెవ్వుమనేది కూడా సినిమాలో అక్కడ చచ్చిపోయే నటి కాదు, అదే సినిమాలోని ఇంకో నటి వెరా మైల్స్. ట్రైలర్ కోసమే విడిగా తీసిన ముక్క అది. సినిమా లేకుండా ట్రైలర్ తీస్తున్నందుకు సిగ్గుపడుతున్నట్టు రాశావు కదా, అందుకని ఇది గుర్తుచేశాను.

ఇప్పుడు శబ్దం. నీ ప్లాన్‌లో దీనికి రెండు లైన్లు కేటాయించావు, "భయంకరమైన మ్యూజిక్", "సౌండ్ ఎఫెక్ట్స్" అని. తాటాకు చప్పుళ్లకి ఇవాళ్టి ప్రేక్షకులు బెదరరు. షూటింగ్‌కి రెండు వారాల ముందే ట్రైలర్‌ని శబ్దంగా తయారుచేసుకో. ఫోన్‌లోనే చాలు. తలుపు కిర్రుమనడం, నలుగురి నవ్వులు, పేర్లు పిలవడం, ఐదో "ఊఁ", ఆ తర్వాత మూడు సెకన్ల నిశ్శబ్దం. అన్నీ 90 సెకన్లలో పేర్చి, లైట్లార్పి, ఈ గొడవ ఏమీ తెలియని మనిషికి వినిపించు. వాళ్లెక్కడ ఊపిరి బిగబట్టారో గమనించు. తర్వాత నీ స్టోరీబోర్డు బొమ్మల్ని, లేదా స్నేహితుల్ని నిలబెట్టి ఫోన్‌తో తీసిన ఫోటోల్ని ఆ శబ్దం మీద పేర్చు. ఏ షాట్ ఎన్ని సెకన్లుండాలో అప్పుడు తెలుస్తుంది. 92లో సగానికి పైగా అక్కర్లేదనీ తెలుస్తుంది. నా అంచనా నలభై. ఐదో చెప్పుల జత మీద నాలుగు సెకన్లు నిలబడే ధైర్యం ఉంటే ముప్పై ఐదే చాలు.

లొకేషన్‌లో ప్రతి గదిలోనూ అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డ్ చెయ్యి. రూమ్ టోన్ అంటారు. ఉత్త నిశ్శబ్దానికి కూడా ఒక చప్పుడుంటుంది. అది లేకపోతే ఎడిటింగ్‌లో కట్ పడ్డ ప్రతిచోటా చెవికి గుంత తగులుతుంది. ఫ్రిజ్ మోత రాకుండా దాన్ని ఆపేస్తారు కదా, ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టు. మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేవు. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌కి ఈ చిట్కా తెలియదు. మూడో రోజున ఇంటాయన ఫోన్ చేసి అన్న మాటలు నేను రాసిన ఏ డైలాగు కంటేనైనా పదునుగా ఉన్నాయి. ఆ ఇల్లు మళ్లీ దొరకలేదు, ప్యాచ్ వర్కు, అంటే తర్వాత తీద్దామనుకున్న చిన్నాచితకా షాట్లు, అలాగే మిగిలిపోయింది.

రాత్రంతా మేలుకుని తీయాలన్న ఉబలాటం అర్థమవుతుంది. అందులో ఒక మజా ఉంది, కాదనను. కానీ ఇంట్లో జరిగే రాత్రి సీన్లు పట్టపగలు తీసుకోవచ్చు. కిటికీలకి బయటివైపు నల్లగుడ్డో, నల్ల అట్టలో కట్టేస్తే లోపల అమావాస్యే. నిద్రమత్తులో మెట్లమీద జారిపడేవాళ్లుండరు, అర్ధరాత్రి కేకలు విని కిటికీలు తెరిచే ఇరుగుపొరుగు ఉండరు. ఇంటి బయట, ఇల్లంతా కనబడే వైడ్ షాట్లు మాత్రం సూర్యుడు అస్తమించాక ఆకాశంలో నీలం మిగిలుండే ఇరవై ముప్పై నిమిషాల్లో తియ్యి. కంటికి అది సాయంత్రమే, ఎక్స్‌పోజర్ తగ్గిస్తే తెరమీద రాత్రి. ఆ కాసేపట్లో మూడు షాట్లకి మించి పెట్టుకోకు. కెమెరా గంట ముందే స్టాండెక్కి ఉండాలి.

చీకటి తీయాలంటే లైటు కావాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ, లైటు లేని గదిలో తీస్తే కెమెరా ఐఎస్ఓ (వెలుతురుని పట్టే సున్నితత్వం) పెంచేసుకుని, నల్లగా రావలసిన చోట చీమలు పాకినట్టు గ్రెయిన్ వస్తుంది. వెనకనుంచో పక్కనుంచో ఒక్క లైటు పెట్టి, మిగతాదంతా వదిలెయ్. నటుడి చేతిలో టార్చి ఉంటే దాన్ని తెల్ల అట్టకి కొట్టించు, ముఖం మీద మెత్తగా పడుతుంది. కరెంటు సరఫరా 50 హెర్ట్‌జ్ ఉన్నచోట బల్బులు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. అక్కడ సెకనుకి 25 ఫ్రేముల్లో, షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పడే సమయం) 1/50 సెకనులో తీస్తే ఆ మినుకుమినుకు కనబడదు. 60 హెర్ట్‌జ్ ఉన్నచోట షటర్ 1/60. ఇది రెక్కీకి, అంటే లొకేషన్ ముందుగా చూసుకోడానికి, వెళ్లిన రోజే, ఆ ఇంటి లైట్ల కిందే పరీక్షించుకో. రెక్కీ కూడా నువ్వు షూట్ చేయబోయే వేళకే వెళ్లు. పొద్దున ప్రశాంతంగా ఉన్న ఇంటి వెనక సాయంత్రం ఎవరు మోటారు వేస్తారో తెలియదు.

షెడ్యూల్‌ని కథ వరసలో వెయ్యకు. ఒకే గది, ఒకే లైటింగ్ ఉన్న షాట్లన్నీ ఒకచోట. నలభైలో "ఇవి లేకపోతే ట్రైలర్ లేదు" అన్న పన్నెండుకి చుక్క పెట్టుకుని, ఏ రోజుకారోజు వాటిని ముందు తియ్యి. రక్తం ఉన్నవి చివర. ఆ రంగు బట్టలకీ గోడలకీ అంటితే వదలదు, ఆ బట్టలు రెండు జతలుండాలి. కేకలు పెట్టే అమ్మాయి గొంతు నాలుగో టేక్‌కి బొంగురుపోతుంది. కాబట్టి టేకుల్లో నోరు తెరిచి నటిస్తే చాలని చెప్పు. అసలు కేకని రోజు చివర, మైకు దగ్గర పెట్టి, రెండు మూడుసార్లు విడిగా రికార్డ్ చెయ్యి. రోజుకి నాలుగోవంతు సమయం ఏ పనికీ కేటాయించకుండా వదిలెయ్. అది ఎలాగూ మిగలదు.

ఒక్క విషయంలో మాత్రం కటువుగా ఉంటాను. "నిజమైన భయం కోసం హీరోయిన్‌కి చెప్పకుండా వెనకనుంచి పట్టుకుంటాం" అని రాశావు. కొట్టెయ్. ఆ అమ్మాయి నిన్ను నమ్మి వచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ముట్టుకుంటారో ముందే చెప్పి, రిహార్సల్ చేసి, "ఆపండి" అంటే ఎవరన్నా సరే ఆగేట్టు ఒప్పందం చేసుకో. పైగా ఉలిక్కిపడ్డ ముఖం ఒక్క టేక్‌లోనే వస్తుంది, ఆ టేక్‌లో ఫోకస్ పోతే ఏం చేస్తావు? నటిస్తే పదిసార్లు వస్తుంది. భద్రత చూసే మనిషి నువ్వు కాకూడదు, డైరెక్టర్‌కి షాట్ తప్ప ఇంకేమీ కనబడదు. కృత్రిమ రక్తం, జిగుర్లు ఒకరోజు ముందు మోచేతి మీద రాసి దురద వస్తుందేమో చూడండి. కొవ్వొత్తుల బదులు చిన్న ఎల్ఈడీలు వాడు, విరబోసిన జుట్టుకీ మంటకీ పడదు. బొమ్మకత్తితో ఆరుబయట తీసేట్టయితే ఇరుగుపొరుగుకీ, పోలీసులకీ ముందే తెలియజెయ్యి. లైటు టపటపా వెలిగి ఆరే షాట్ ఒకటి రాశావు. సెకనుకి మూడు మెరుపులు దాటనివ్వకు. అంతకు మించితే చూసేవాళ్లలో కొందరికి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

మిగతావి గబగబా. ఇంటివాళ్ల అనుమతి, నటుల అంగీకారం కాగితం మీద ఉండాలి. 18 నిండనివాళ్లుంటే పెద్దవాళ్ల సంతకం. సినిమా పాటల ట్యూన్లు ఎత్తుకురాకు. కెమెరా మెమరీ కార్డు ఖాళీ చేసేముందు రెండుచోట్ల కాపీ అయిందో లేదో నటించని మనిషి ఒకరు చూడాలి. "నిజజీవిత సంఘటనల ఆధారంగా" అన్న టైటిల్ కార్డు తీసెయ్, అది నిజం కాదు కాబట్టి. టైటిల్ పడ్డాక చివర్లో ఠక్కున దయ్యం మీదకి దూకే ముక్క కూడా తీసెయ్. ఇప్పుడు ప్రేక్షకులు టైటిల్ పడగానే భుజాలు బిగించుకుని దానికోసమే కూచుంటున్నారు. వాళ్లని అలాగే కూచోనివ్వు. ఏమీ రానివ్వకు.

ఇక చెప్పుల షాట్. పొద్దుటి వెలుతురులో ఒకసారి నాలుగు జతలు, తర్వాత అదే ఫ్రేమ్‌లో ఐదు. రెండింటి మధ్య కెమెరా స్టాండు అంగుళం కదిలినా పని చెడుతుంది. స్టాండు కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించు, చెప్పులు ఎలా పడి ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకో. నాలుగు జతలూ ఆ నలుగురివే ఉండాలి. ఎవరివేవో మొదటి పది సెకన్లలోనే వాళ్ల కాళ్లకి ఉన్నట్టు కనబడాలి. అప్పుడే ఐదోది ఎవరిదీ కాదని తెలుస్తుంది. అది తడిగా ఉండాలా, పిల్లలదా, పాతదా, రెండూ ఒకే కాలివా అన్నది నువ్వు తేల్చుకోవాలి.

కొత్త షాట్ డివిజన్ పంపు, కథ పేజీ మాత్రం పంపకు. ఆ ఐదో జత ఎవరిదో నాక్కూడా చెప్పొద్దు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు