ముందు మీరే వాళ్ల ఇంటికి వెళ్లండి

"కొత్తగా ప్రాథమిక బడిలో చేరాను. మీటింగు పెడితే నలుగురు తల్లిదండ్రులు కూడా రావడం లేదు. ఏం చేయాలి?" అని అడిగారు. నేను ఆదోని వైపు ఒక పల్లెలో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ జరిగింది చెప్తాను.

చేరిన ఏడాదే మూడో తరగతి పిల్లాడి తల్లిని పిలిపించాను. అందరి ముందూ ప్రోగ్రెస్ కార్డు తెరిచి, "వీడికి కూడికలు కూడా రావట్లేదమ్మా, ఇంట్లో కాస్త చూసుకోకూడదా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ బడి వైపు రాలేదు. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చిందని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మంచం వాల్చి కూర్చోమంది. గోడ నిండా బొగ్గుతో రాసిన అంకెలు. అక్కడ పంటలు అయిపోగానే చాలా కుటుంబాలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతాయి. కోసిన కిలోలను బట్టి కూలి. ఆ అంకెలు పోయిన సుగ్గి లెక్క. రాసింది పిల్లాడే! "మాకేం తెలుస్తాది సార్, లెక్కంతా వాడే చూస్తాడు" అంది.

మర్నాటి నుంచి బడిలో వాడికి కిలోలతోనే కూడికలు చెప్పాను. వారం తర్వాత ఆమెకు ఫోన్ చేస్తే, "ఏం చేసినాడు సార్?" అని కంగారుపడింది. "ఏం లేదమ్మా, ఈరోజు బోర్డు మీద లెక్క తప్పు లేకుండా చేశాడు" అన్నాను. కాసేపు మాట లేదు. "ఇంకోసారి చెప్పండి సార్, వాళ్ల నాయన వింటాడు" అంది.

అందుకే మీ మొదటి ఫోన్ మంచి కబురుతోనే వెళ్లాలి. తప్పు చెప్పాల్సి వస్తే పక్కకు పిలిచి చెప్పండి. మీటింగు టైము వాళ్లనే అడిగి పెట్టండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాళ్లను సంతకాలకే పిలవకండి. మధ్యాహ్న భోజనం ఎలా ఉందో రుచి చూసి చెప్పమనండి, మాటలు వాటంతటవే వస్తాయి.

ఆ ఏడాది సుగ్గికి పోతూ ఆ తల్లి పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లలేదు, సీజనల్ హాస్టల్లో, అంటే వలస పోయినవాళ్ల పిల్లలు ఆ కొన్ని నెలలు ఉండి చదువుకునే చోట, ఉంచింది. వెళ్లే ముందు రోజు నా ఫోన్ నంబరు అడిగి, వాడి చేతే చిన్న కాగితం మీద రాయించుకుని కొంగున ముడేసుకుంది.