ముందు జీను తీసి చూడు, బిడ్డా

బిడ్డా,

నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచి నీ గుర్రం గురించే ఆలోచిస్తున్నా. నాలుగు నెలలు బుద్ధిగా నడిచింది, పది రోజులుగా ఎక్కగానే వెనక్కాళ్ళు విసురుతోంది, ఎడమకు తిప్పితే చెవులు వెనక్కి పడేస్తోంది అన్నావు. పొగరెక్కింది, రెండు తగిలించమని అందరూ అంటున్నారట. తగిలించకు. మలక్‌పేట గుర్రప్పందేల్లోంచి వచ్చిన గుర్రం అది, నీకంటే ఎక్కువ కొరడా దెబ్బలు చూసింది. ఉన్నట్టుండి మారిందంటే ముందు నొప్పినే అనుమానించాలి.

పోలీసు గుర్రాల దగ్గర చేరిన కొత్తలో నాకూ ఇలాంటిదే ఒకటి తగిలింది. జీను వేయబోతే కొరకడానికి వచ్చేది. మొండితనం వదిలిస్తానని రెండు వారాలు గుండ్రంగా తిప్పి తిప్పి అలిసేలా చేశా. ఒకరోజు గుర్రాల్ని చూసుకునే ముసలి సైసు ఒకాయన జీను దింపి, ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని దాని వీపు మీద పెట్టాడు. ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది, మూపు పక్కన అరచేయంత మేర మాత్రం పొడిగా ఉంది. జీను లోపలి దూది ఆ పక్క ఉండకట్టి అక్కడే ఒత్తుతోంది. ఒత్తిడి మరీ ఎక్కువైన చోట చెమట పట్టదు. కొన్నాళ్ళకు అక్కడ తెల్ల వెంట్రుకలు మొలిచాయి. మాలిష్ చేసినప్పుడల్లా అవి కనబడేవి, నాకు తల కొట్టేసినట్టుండేది.

కాబట్టి నువ్వు కూడా వీపుతోనే మొదలుపెట్టు. మూపు నుంచి నడుము దాకా వెన్నుకు రెండు పక్కలా వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళు. ఎక్కడ కండ వణికినా, వీపు కిందికి దిగినా గుర్తుపెట్టుకో. తర్వాత దుప్పటి లేకుండా ఉత్త జీను పెట్టి చూడు. గుర్రానికి 18 జతల పక్కటెముకలు. జీను చివరి ఎముక దాటి నడుము మీదికి పోకూడదు. పరుగుపందెం జీను అరచేతిలో పట్టేంత తేలిక, నువ్వు వేసేది దానికి కొత్త బరువు. పైగా నాలుగు నెలల్లో దాని వీపు కండ మారి ఉంటుంది, అప్పుడు సరిపోయిన జీను ఇప్పుడు సరిపోకపోవచ్చు.

లాడాలు ఎప్పుడు కొట్టించావో చెప్పలేదు. పది రోజుల కిందటేనా? మేకు గిట్టలోని జీవం దగ్గరికి పోతే కొన్నిసార్లు ఆ రోజే తెలియదు, రెండు మూడు రోజులకు బయటపడుతుంది. నాలుగు గిట్టలూ తడిమి ఏది వేడిగా ఉందో చూడు. ఎవరినైనా తాడు పట్టుకుని గట్టి నేల మీద తిన్నగా ట్రాట్, అంటే దుడుకు నడక, చేయించమను. ముందు కాలు మోపినప్పుడు తల పైకెత్తిందంటే నొప్పి ఆ కాల్లోనే.

ఎడమకు తిప్పితేనే గొడవ అన్నావు కాబట్టి నోరూ చూపించాలి. పైదవడ పళ్ళు బుగ్గ వైపు, కిందివి నాలుక వైపు కత్తుల్లా పదునెక్కుతాయి. సగం నమిలిన గడ్డి ఉండలు కింద పడుతున్నాయేమో పాకలో చూడు.

పొట్ట కింద జీను పట్టీ బిగించేటప్పుడే చిరాకు పడుతోందా? అయితే కడుపులో పుండ్లు ఉండొచ్చు. పందెపు గుర్రాల్లో ఇది మామూలే. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. ఖాళీ కడుపుతో పొద్దున్నే పరుగెత్తిస్తే ఆమ్లం పైకి చిమ్మి మెత్తటి పొరను కాలుస్తుంది. ఎక్కేముందు గుప్పెడు లూసర్న్ గడ్డి వెయ్యి. ఖాయంగా తెలియాలంటే డాక్టరు కెమెరా గొట్టం వేసి చూడాల్సిందే. నీ అంతట నువ్వు నొప్పి మందు మాత్రం ఇవ్వకు, బ్యూట్ లాంటివి ఆ పుండ్లనే పెంచుతాయి.

ఆడగుర్రం కాబట్టి క్యాలెండరులో తేదీలు రాసుకో. 21 రోజులకోసారి తిరగబడుతుంటే అది ఎదకు వచ్చే లెక్క.

నీ చేతిని కూడా కాస్త అనుమానించు, కోపం తెచ్చుకోకు. పరుగుల గుర్రానికి పగ్గం బిగిస్తే ఆగమని కాదు, ఆనుకుని ఉరకమని అర్థం. నువ్వు భయపడి లాగేకొద్దీ అది ఇంకా రెచ్చిపోతుంది.

గతంలో ఎవరైనా నువ్వు ఎక్కినప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంటే డాక్టరుకు చూపించు. ఇంగ్లండులో స్యూ డైసన్ అనే గుర్రాల డాక్టరు 2018లో స్వారీలో నొప్పిని పట్టిచ్చే 24 లక్షణాలు రాసింది. చెవులు 5 సెకన్లకు మించి వెనక్కి ఉండటం, నోరు తెరిచే ఉంచటం, తోక విసురుతూ ఉండటం లాంటివి. వాటిలో 8 గానీ అంతకు మించి గానీ కనబడితే ఎక్కడో ఎముకల్లోనో కండల్లోనో నొప్పి ఉన్నట్టే లెక్క.

ఆదివారం పొద్దున్నే వస్తాను. అప్పటిదాకా ఎక్కకు, చేత్తో పట్టుకుని నడిపించు చాలు. ఊడదీసిన పాత లాడాలు పారేయలేదు కదా? దాచిపెట్టు, ఏ పక్క అరిగాయో చూడాలి.

నీ పెద్దనాన్న