టీకింటర్ ఎక్కడం లేదన్న మేనల్లుడికి

చిరంజీవి బాబుకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. తెరనిండా ఎర్ర అక్షరాలే గానీ, అందులో పనికొచ్చేది అట్టడుగున ఉన్న ఒక్క లైను. పైథాన్ ఎర్రర్‌ను కింద నుంచి పైకి చదవడం అలవాటు చేసుకో. ఆ లైను ‘నో మాడ్యూల్ నేమ్డ్ టీకింటర్’ అంటోంది, అంటే పైథాన్‌లో విండోలూ బటన్లూ చేసిపెట్టే టీకింటర్ అనే లైబ్రరీ దొరకలేదని. దానికి నువ్వు, పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌ను పట్టుకుని, ‘పిప్ ఇన్‌స్టాల్ టీకింటర్’ కొట్టావు. ఆ పేరుతో ఏ వెర్షనూ దొరకలేదంది. తర్వాత ఎవరో చెప్పారని ‘పిప్ ఇన్‌స్టాల్ టీకే’ కొడితే చక్కగా ఎక్కింది, ఎర్రర్ మాత్రం కదల్లేదు. ఎందుకు కదులుతుంది? పిప్ దగ్గర టీకే అన్న పేరు టెన్సర్‌కిట్ అనే డీప్ లెర్నింగ్ ప్యాకేజీది. విండోలకూ బటన్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ‘పిప్ అన్‌ఇన్‌స్టాల్ టీకే’ కొట్టి ముందు దాన్ని తీసెయ్.

(ఈ ఉత్తరంలో కమాండ్లు తెలుగులో రాస్తున్నాను. నువ్వు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టు. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.)

టీకింటర్ పిప్‌తో వచ్చే సరుకు కాదు, పైథాన్‌తో పాటే వస్తుంది. కానీ అది ఒక్క ముక్క కాదు. పైన పైథాన్‌లో రాసిన టీకింటర్ ఉంటుంది, నువ్వు ఇంపోర్ట్ చేసేది దాన్నే. దాని కింద సీ భాషలో రాసిన చిన్న వంతెన ఉంటుంది, దాని పేరు కూడా టీకింటరే, కాకపోతే ముందు ఒక అండర్‌స్కోర్. ఆ వంతెన కింద టికిల్, టీకే అనే అసలు లైబ్రరీలు. ఇవి పైథాన్‌వి కావు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ తన టికిల్ భాష కోసం తయారు చేసినవి. అన్నిటికన్నా అడుగున, విండో గీయడానికి ఒక డిస్‌ప్లే. నాలుగింటిలో ఏది లేకపోయినా ఎర్రరే వస్తుంది, కానీ ఒక్కోదానికి ఒక్కో మాట. అందుకే ‘టీకింటర్ పనిచేయట్లేదు’ అని చెబితే ఎవరూ సాయం చేయలేరు. ఆఖరి లైను ఉన్నదున్నట్టు చెప్పాలి, అండర్‌స్కోర్‌తో సహా.

అయితే దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఏ పైథాన్? నీ లాప్‌టాప్‌లో కనీసం రెండు ఉండి ఉంటాయి. థోనీ అనే ఎడిటర్‌లో నడిచిన ప్రోగ్రామే వీఎస్ కోడ్ అనే ఇంకో ఎడిటర్‌లో నడవలేదన్నావు చూడు, కారణం అదే. థోనీ సాధారణంగా తన పైథాన్‌ను తానే వెంట తెచ్చుకుంటుంది, అందులో టీకింటర్ ఉంటుంది. వీఎస్ కోడ్ నువ్వు ఎంచుకున్నదాన్ని వాడుతుంది. అది ఏదో కింద కుడి మూల వెర్షన్ నంబరు మీద నొక్కితే తెలుస్తుంది. ఇంకా నమ్మకంగా తెలియాలంటే ప్రోగ్రామ్ మొదటి రెండు లైన్లలో సిస్ అనే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చెయ్. విండోస్‌లో అయితే ‘పీవై హైఫన్ సున్నా పీ’ కొట్టు, ఉన్న పైథాన్లన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా ఇస్తుంది. ఒకదానికి మందేసి ఇంకోదానికి జ్వరం తగ్గలేదనుకుంటే రోజంతా పోతుంది.

ఏ పైథానో తేలాక, దానితోనే ‘పైథాన్3 హైఫన్ ఎం టీకింటర్’ కొట్టు (విండోస్‌లో ‘పీవై హైఫన్ ఎం టీకింటర్’). వెర్షన్ నంబరూ రెండు బటన్లూ ఉన్న చిన్న విండో తెరుచుకుంటే టీకింటర్‌లో లోపమేమీ లేదు, తప్పు నీ ప్రోగ్రామ్‌లో వెతుక్కో. తెరుచుకోకపోతే వచ్చిన ఆఖరి లైను పట్టుకో.

నీది ఉబుంటు కాబట్టి దాని సంగతి ముందు. డెబియన్ (ఉబుంటుకు మూలమైన లైనక్స్), ఉబుంటు వాళ్లు సర్వర్లకు అనవసర బరువు ఎందుకని టీకింటర్‌ను పైథాన్ నుంచి విడదీసి వేరే ప్యాకేజీగా పెట్టారు. ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ఆ తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-టీకే’. నూటికి తొంభై మందికి పని ఇక్కడితో అయిపోతుంది. ఫెడోరా లైనక్స్‌లో ఆ ప్యాకేజీ పేరు పైథాన్3-టీకింటర్, ఆర్చ్‌లో ఉత్త టీకే. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే ఫోల్డర్, పొట్టిగా వెన్వ్) వాడుతున్నా దాన్ని చెరిపి మళ్లీ కట్టక్కర్లేదు. టీకింటర్ స్టాండర్డ్ లైబ్రరీలో భాగం, దాన్ని వెన్వ్ అసలు పైథాన్ నుంచే తీసుకుంటుంది.

మిగిలిన పది మంది ఎక్కడ దెబ్బతింటారంటే, పైథాన్3-టీకే అన్నది ఉబుంటుతో పాటే వచ్చే సిస్టమ్ పైథాన్‌కు మాత్రమే. ఉబుంటు 22.04లో అది 3.10, 24.04లో 3.12. నువ్వు డెడ్‌స్నేక్స్ పీపీఏ (ఉబుంటుకు వేరే పైథాన్ వెర్షన్లు ఇచ్చే బయటి భాండాగారం) నుంచి 3.11 తెచ్చుకుని ఉంటే దానికి పైథాన్3.11-టీకే విడిగా వేసుకోవాలి.

రకరకాల పైథాన్ వెర్షన్లు తెచ్చిపెట్టే పైఎన్వ్ అనే పనిముట్టుతో పెట్టుకున్న పైథాన్ అయితే కథ వేరు. అది నీ మెషిన్ మీదే కంపైల్ అవుతుంది. ఆ సమయానికి టీకే హెడర్ ఫైళ్లు (కంపైల్ చేయడానికి కావాల్సినవి) లేకపోతే వంతెన తయారవదు, అయినా పైఎన్వ్ ఆగిపోదు. టీకింటర్ ఎక్స్‌టెన్షన్ కంపైల్ కాలేదని ఒక వార్నింగ్ వేసి పని ముగిస్తుంది. ఆ వార్నింగ్‌ను ఎవరూ చదవరు. తర్వాత ఇంపోర్ట్ చేస్తే ‘నో మాడ్యూల్ నేమ్డ్’ అని, ఈసారి అండర్‌స్కోర్ ఉన్న పేరు చెబుతుంది. పై అంతస్తు ఉంది, వంతెన లేదు అని దానర్థం. ఇప్పుడు పైథాన్3-టీకే వేసినా లాభం లేదు, అది ఈ పైథాన్‌ది కాదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టీకే-డెవ్’ కొట్టి, అదే వెర్షన్‌ను ‘పైఎన్వ్ ఇన్‌స్టాల్’కు రెండు హైఫన్లూ ఫోర్స్ తగిలించి మళ్లీ కట్టించు. ఫెడోరాలో టీకే-డెవెల్. హెడర్లు ముందు, కంపైల్ తర్వాత. ఈ వరస తప్పితే ఎన్నిసార్లు కట్టినా అంతే.

ఈ గొడవలో ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని పిప్ అడ్డుపడితే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ జోలికి పోకు. పేరులోనే చెబుతోంది కదా, విరగ్గొడతానని! ఆ పైథాన్ మీద ఉబుంటు సొంత పనిముట్లు ఆధారపడి ఉన్నాయి.

విండోస్ వాడే నీ స్నేహితుడికి ఇలా చెప్పు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాకు వెళ్లి, పైథాన్ దగ్గర మాడిఫై నొక్కితే ఆప్షనల్ ఫీచర్స్ పేజీ వస్తుంది. అందులో టికిల్/టీకే, ఐడిల్ (పైథాన్‌తో వచ్చే చిన్న ఎడిటర్) కలిపి ఒకే గడి. అది టిక్ చేసి ముందుకు వెళ్తే చాలు. జిప్ రూపంలో దొరికే ఎంబెడబుల్ పైథాన్‌లో మాత్రం టీకింటర్ ఉండదు, దానితో కుస్తీ పట్టవద్దను. ఇనిట్ డాట్ టికిల్ దొరకలేదని ఎర్రర్ వస్తే వంతెన ఉంది గానీ లైబ్రరీ ఫోల్డర్ ఎక్కడుందో దానికి తెలియడం లేదన్నమాట. ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో టికిల్ అండర్‌స్కోర్ లైబ్రరీ అని పెద్ద అక్షరాల్లో ఏదైనా ఉందేమో చూడాలి. వేరే సాఫ్ట్‌వేర్ ఏదో తన పాత టికిల్ దారి అందులో పెట్టిపోయి ఉంటే దాన్ని తీసేయాలి. అలాంటి వేరియబులే లేకపోతే, పైథాన్ అసలు ఫోల్డర్‌లో టికిల్ అనే ఫోల్డర్, అందులో టికిల్8.6 ఉంటుంది. ఆ దారిని ఆ వేరియబుల్‌లో పెడితే సరి.

మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ పనిముట్టుతో తెచ్చుకున్న పైథాన్‌కు ‘బ్రూ ఇన్‌స్టాల్ పైథాన్-టీకే@3.12’. ఆఖరి నంబరు నీ పైథాన్‌దే కావాలి. యాపిల్ ఇచ్చిన పాత టీకే 8.5తో విండో ఖాళీగానో నల్లగానో వస్తుంది. ‘ఇది పాతబడింది’ అనే డిప్రికేషన్ వార్నింగ్‌ను నోరుమూయించే వేరియబుల్ ఒకటుంది గానీ, అది మాటను దాస్తుందే తప్ప విండోను బాగుచేయదు. పైథాన్ డాట్ ఓఆర్‌జీ ఇన్‌స్టాలర్ వాడితే 8.6 గానీ అంతకన్నా కొత్తది గానీ దానితోనే వస్తుంది.

ఇక డిస్‌ప్లే. ‘నో డిస్‌ప్లే నేమ్’ అంటూ డాలర్ గుర్తు పెట్టి డిస్‌ప్లే వేరియబుల్ లేదని వస్తే ఇన్‌స్టలేషన్ బాగుంది, విండో గీయడానికి తెరే లేదు. బ్రౌజర్‌లో పైథాన్ నడిపే గూగుల్ కోల్యాబ్‌లో టీకింటర్ ప్రాక్టికల్స్ చేద్దామని చూసేవాళ్లకు వచ్చేది ఇదే. ఆ ప్రోగ్రామ్ గూగుల్ సర్వర్ మీద నడుస్తోంది, అక్కడ మానిటర్ ఎక్కడిది? ప్రోగ్రామ్‌ను విడి పెట్టెలో నడిపే డాకర్‌లోనూ అంతే. ఎస్ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న మెషిన్‌లో పనిచేస్తుంటే ‘హైఫన్ పెద్ద ఎక్స్’ పెట్టి లాగిన్ అవ్వు. విండోస్ 11లో లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 అయితే విండోలు వాటంతటవే రావాలి. రాకపోతే పవర్‌షెల్‌లో ‘డబ్ల్యూఎస్ఎల్ రెండు హైఫన్లు అప్‌డేట్’ కొట్టు. ఏదీ పనిచేయట్లేదని ప్రోగ్రామ్‌ను సుడోతో నడపకు. అప్పుడది రూట్ అనే వేరే యూజర్‌గా నడుస్తుంది, ఆ యూజర్‌కు నీ డిస్‌ప్లే మీద అనుమతి లేక కొత్త ఎర్రర్ పుట్టవచ్చు.

కొన్ని తప్పులు ఇన్‌స్టలేషన్ వేషంలో వస్తాయి. అన్నిటికన్నా మోసకారి ఏదంటే, నీ ఫైలుకు నువ్వే టీకింటర్ డాట్ పీవై అని పేరు పెట్టడం. అప్పుడు ఇంపోర్ట్ నీ ఫైలునే తెచ్చుకుంటుంది, టీకే అనే ఆట్రిబ్యూట్ లేదంటుంది. ఫైలు పేరు మార్చు, పక్కనున్న పైక్యాష్ ఫోల్డర్ కూడా తీసెయ్. టర్టిల్ డాట్ పీవై అని పెట్టినా ఇదే తంతు. టర్టిల్ నడిచేదీ టీకింటర్ మీదే. రెండోది, మీ ల్యాబ్ మాన్యువల్‌లో పెద్ద టీతో టీకింటర్ అని ఉంటే అది పైథాన్ 2 కాలం నాటిది. పైథాన్ 3 వచ్చిన 2008 నుంచి చిన్న టీనే. మూడోది, మెసేజ్‌బాక్స్‌ను విడిగా ఇంపోర్ట్ చేయాలి. ఐడిల్ దాన్ని ముందే తెచ్చుకుని ఉంటుంది కాబట్టి అక్కడ నడుస్తుంది, టెర్మినల్‌లో పడిపోతుంది. పిల్లో అనే లైబ్రరీ వాడి బొమ్మలు పెట్టబోతే ఇమేజ్‌టీకే దొరకలేదంటే, ఉబుంటు సిస్టమ్ పైథాన్‌కు పైథాన్3-పిల్ డాట్ ఇమేజ్‌టీకే వేరే ప్యాకేజీ. గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌లో షో అన్నా గ్రాఫ్ కనపడక ‘నాన్ ఇంటరాక్టివ్’ అని వార్నింగ్ వస్తే అది విండో టూల్‌కిట్ ఏదీ దొరక్క సర్దుకుపోయిందన్నమాట. టీకింటర్ బాగుపడితే అదీ బాగుపడుతుంది. కస్టమ్‌టీకింటర్ మాత్రం పిప్‌తోనే వస్తుంది, అయితే అది టీకింటర్ మీద వేసిన రంగు. గోడ లేకుండా రంగు ఎక్కడ వేస్తావు?

నీ ప్రాజెక్టు తెలుగులో చేయాలన్నావు కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. లేబుల్‌లో తెలుగు బదులు డబ్బాలు వస్తే ఫాంట్ లేదని అర్థం, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు’ వేసుకో. ఫాంట్ ఉండి కూడా ‘అక్క’లో రెండో ‘క’ వత్తుగా కిందికి దిగకుండా, పొల్లు పెట్టి పక్కపక్కనే నిలబడితే మాత్రం నువ్వు చేయగలిగింది లేదు. లైనక్స్ మీద టీకే 8.6 అక్షరాలను ఒక్కొక్కటిగా గీస్తుంది తప్ప గుణింతాలను, వత్తులను కలిపి మలిచే పని చేయదు. ఏ ఫాంట్ మార్చినా ఇంతే. విండోస్‌లో, మ్యాక్‌లో ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్ చేసిపెడుతుంది కాబట్టి అక్కడ బాగుంటుంది. ఉబుంటులోనే తెలుగు చూపించాలంటే టీకింటర్ వదిలి పైసైడ్6 అనే ఇంకో విండోల లైబ్రరీకి వెళ్లు. అది వెన్వ్‌లో పిప్‌తోనే ఎక్కుతుంది. దాని అడుగున ఉండే క్యూటీ లైబ్రరీ 6.5 నుంచి దానికి లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 అనే సిస్టమ్ ప్యాకేజీ కావాలి. లేకపోతే ఎక్స్‌సీబీ ప్లగిన్ లోడ్ కాలేదని విండో రాకముందే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’తో అది వేసుకుంటే నడుస్తుంది. నన్నడిగితే ఆ మార్పు ఇప్పుడే చెయ్, నలభై స్క్రీన్లు రాశాక కాదు.

ఇంకా ఎక్కకపోతే ఫొటో వద్దు, మూడు ముక్కలు కాపీ చేసి పంపు: సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ఏం చెప్పింది, ‘హైఫన్ ఎం టీకింటర్’ కొడితే వచ్చిన ఆఖరి లైను, ఆ పైథాన్‌ను ఎక్కడినుంచి ఎలా తెచ్చుకున్నావు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య